రంగం మరచెంబు: మరమ్మతు డైరీ

జనవరి 11, శనివారం

పండగ దులుపుళ్ళలో అటక మీంచి దిగింది. ఎరువుల బస్తాలో పెట్టి, మూతి పురికొసతో మూడు చుట్లు చుట్టి కట్టారు. కిందకి అందిస్తుంటే మా ఆవిడ "భోగి మంటలోకా, పాతసామాన్లవాడికా, ముందే చెప్పు" అంది. విప్పితే నానమ్మ మరచెంబు. దాంతోపాటు నాలుగు మడతల పాత చీరముక్క ఒకటి, ఎండి అట్టలా బిగుసుకుపోయి ఉంది.

ఇప్పటి పిల్లలకి మరచెంబు అంటే చూపించి చెప్పాల్సిందే. బొద్దుగా గుండ్రటి పొట్ట, పొట్టి మెడ, మెడకి మర, దాని మీద తిప్పి బిగించే మూత, మూత మీద వేలు దూర్చి పట్టుకోడానికి కడియం. ప్లాస్టిక్ సీసాలు రాకముందు రైలెక్కే వాళ్ళ చేతుల్లో ఇవే కనిపించేవి.

కొలతలు రాసుకున్నా. మూతతో ఎత్తు 21 సెంటీమీటర్లు, పొట్ట దగ్గర అడ్డం 14న్నర, బరువు 1,140 గ్రాములు. ఇత్తడి. ఒళ్ళంతా నల్లబడింది, మెడ చుట్టూ పచ్చటి చిలుము. మూత రావడం లేదు. ఊపితే లోపల ఏదో గలగలమంటోంది.

మా ఇంట్లో దీని కథ ఒక్క వాక్యం: "తాతయ్య రంగం నుంచి నడిచొచ్చినప్పుడు తెచ్చిన చెంబు." రంగం అంటే రంగూన్. మా శ్రీకాకుళం వైపు పాతకాలం వాళ్ళెవరూ రంగూన్ అనగా నేను వినలేదు. అక్కడ బాంబులు పడ్డాక ఇల్లూ సామానూ పోగా చేతిలో మిగిలింది ఇదొక్కటేనట. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. నానమ్మ దీన్ని వాడుతుంటే చూశాను గాని, దీని గురించి మాట్లాడుతుంటే ఎప్పుడూ వినలేదు.

తమ్ముడు ఏప్రిల్ నెలాఖర్లో గృహప్రవేశం పెట్టుకున్నాడు. హాల్లో అద్దాల బీరువాలో దీన్ని పెట్టి, కింద చిన్న పలక మీద "బర్మా, 1942" అని రాయిస్తానంటున్నాడు. శుభ్రం చేసి ఇచ్చే పూచీ నాది. ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసిన చెయ్యి, బిగుసుకున్న మర ఒక లెక్కా? రెండు ఆదివారాల పని అనుకున్నా.

జనవరి 12, ఆదివారం

తోమడం మొదలుపెట్టలేదు. మర బిగుసుకున్నప్పుడు ముందు నూనె, తరవాతే ఏదైనా. ఇంట్లో ఉన్న డబ్ల్యూడీ 40 మూత అంచు చుట్టూ కొట్టి, ఒక వెడల్పాటి గిన్నెలో కొబ్బరినూనె పోసి, చెంబుని తలకిందులుగా దాంట్లో నిలబెట్టా. మూత అంచు మునిగేంత నూనె చాలు. వారం రోజులు దాని జోలికి వెళ్ళకూడదు. పండగ కాబట్టి వెళ్ళే తీరికా లేదు.

జనవరి 19, ఆదివారం

ముందు వట్టి చేత్తో. కదల్లేదు. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి మూతకి చుట్టి, మోకాళ్ళ మధ్య చెంబు ఇరికించుకుని తిప్పా. కదల్లేదు. అప్పుడు బుద్ధి గడ్డి తిని పానా పట్టుకున్నా. కింద గుడ్డ వేశాను గాని అది జారింది. మూత పక్కన రెండంగుళాల పచ్చి గీత. ఎనభై ఏళ్ళ పైబడిన వస్తువు మీద, ఎన్ని చేతులు మారినా పడని గీత, నా చేతుల్లో పడింది. పానా మేడ మీద పెట్టెలో పడేసి వచ్చా.

తీరిగ్గా ఆలోచిస్తే ఇది వేడితో పోయే పని. చిక్కేమిటంటే మూతా ఇత్తడే, మెడా ఇత్తడే. రెండూ కలిసి వేడెక్కితే రెండూ ఒకే పాటు సాగుతాయి, బిగువు బిగువుగానే ఉంటుంది. మూత ఒక్కటే సాగాలి. చెంబుని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసి, మరిగే నీళ్ళలో ముంచిన గుడ్డ మూతకి మాత్రం చుట్టి, ఇరవై లెక్కపెట్టి, చెక్కసుత్తితో అంచు చుట్టూ చిన్నగా తట్టి, తిప్పడం. మూడుసార్లు ఏమీ లేదు. నాలుగోసారి "టిక్" అంది. చెవికి వినబడిందో వేళ్ళకి తెలిసిందో చెప్పలేను. ఆ తరవాత గుండ్రంగా, పాలకోవా కత్తికి తెగినట్టు వచ్చేసింది.

తమ్ముడు వీడియో కాల్‌లో ఉన్నాడు. "గలగలమన్నదేంటో చూడు, బంగారమేమో" అంటున్నాడు. బోర్లించా. ఒక చింతగింజ పడింది. ఇంటిల్లిపాదికీ ఊపిరి ఆగినంత పనైంది. బర్మా అడవిలో ఏ ఆకలికి దాచుకున్న గింజో అని మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాం. పావుగంటలో హైదరాబాద్ నుంచి మా పెదనాన్నగారబ్బాయి వాయిస్ మెసేజ్: "ఒరేయ్, అది నేను వేసిందిరా. ఎనభై మూడు ఎండాకాలం సెలవుల్లో. నానమ్మ వీపు చితక్కొట్టింది."

గింజని కుండీలో పాతా.

సాయంత్రం అత్తకి ఫోన్ చేశా. అత్తంటే నాన్నకి అక్క. సోంపేట దగ్గర కూతురింట్లో ఉంటుంది. పుట్టింది రంగంలోనే. చెంబు దొరికిందని చెబితే "దొరికితే దొరికింది, తోమకురా" అని మాట మార్చేసింది.

జనవరి 26, ఆదివారం

లోపల చూస్తే టార్చి వెలుతురులో మూడు రంగులు. అడుగున సున్నపు పెచ్చు, ఉప్పటి బావినీళ్ళు ఏళ్ళ తరబడి నిలిచిన గుర్తు. గోడల మీద అక్కడక్కడ బూడిదరంగు, అది పాత కళాయి, అంటే తగరం పూత. మిగతా చోట్ల వట్టి ఇత్తడి. అంటే ఒకప్పుడు కళాయి పోయించారు, తరవాత మానేశారు.

బయట అత్త మాట వినకుండా ఒక మూల చింతపండుతో తోమి చూశా. మామూలుగా ఇంట్లో చేసే పనే కదా. ఫోన్ వచ్చి గుజ్జు అలాగే వదిలేసి వెళ్ళి, ముప్పావుగంట తరవాత వచ్చా. కడిగితే బంగారంలా మెరవాల్సిన చోట గులాబీ రంగు మచ్చ. ఇత్తడి అంటే రాగీ జింకూ. పులుపు ఎక్కువసేపు నానితే పైపొరలో జింకు ముందు కరిగిపోయి రాగి మిగులుతుంది. పండగల ముందు అమ్మలు చింతపండు రాసిన వెంటనే కడిగేసేది ఇందుకే. వాళ్ళెవరూ రసాయనశాస్త్రం చదవలేదు, నేను చదివాను, మచ్చ నేనే పెట్టాను.

ఇంకో జాగ్రత్త. ఇత్తడికి అమ్మోనియా పడదు. బజార్లో దొరికే కొన్ని క్లీనింగ్ ద్రావకాల్లో అది ఉంటుంది. బ్రిటిష్ కాలంలో సైన్యం ఇత్తడి తూటా గొట్టాలని వానాకాలం గుర్రపుశాలల దగ్గర నిలవచేస్తే, ఎవరూ ముట్టుకోకుండానే నిలువునా పగిలిపోయేవి. కారణం గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా. ఇండియాలో ఆ వానాకాలాల్లో చూసిన పగుళ్ళకే ఇంజినీర్లు సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. సాగగొట్టి మలిచిన ఇత్తడిలో ఆ దెబ్బల బిగువు లోపల దాగి ఉంటుంది, అమ్మోనియా తగిలితే అది పగులై బయటపడుతుంది. ఫిట్టర్లకి ఇది పాత పాఠమే. నాకు కావలసి వచ్చింది ఇన్నాళ్ళకి.

అందుకని ఇకపై గోరువెచ్చని నీళ్ళు, కుంకుడు రసం, మెత్తటి బ్రష్షు. అంతే.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ రోజు పని అంతా వెలుతురుతోనే.

నలుపు కాస్త వదిలాక పొట్ట పైభాగాన చుక్కలు కనబడ్డాయి. పాత్రల మీద పేరు కొట్టించడం మనకి కొత్త కాదు. కొట్టువాడు సన్నటి ఉలి పెట్టి చిన్న సుత్తితో టకటకమని చుక్కలు చుక్కలుగా అక్షరం దింపుతాడు. కానీ దశాబ్దాల తోముడుకి ఇవి అరిగి, ఎదురుగా చూస్తే ఏమీ తెలియడం లేదు.

రాత్రి గదిలో లైట్లు ఆర్పి, టార్చిని చెంబుకి ఆనించి పక్కనుంచి వేశా. ప్రతి చుక్క ఒక పక్క మెరిసి ఒక పక్క నీడ పడుతుంది. చెంబుని అంగుళం అంగుళం తిప్పుతూ ఫోన్‌లో అరవై దాకా ఫోటోలు. తరవాత ముగ్గుపిండి వేలితో రుద్ది, పైపైన తుడిచేస్తే గుంటల్లో మిగిలిన తెలుపు. చివరికి పల్చటి కాగితం చుట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దా. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద చేసినట్టు. మూడింట్లోనూ కనబడినదే నమ్మాలని నియమం పెట్టుకున్నా.

మొదట "గొ", పక్కన చుక్క. తరవాత "అ". తరవాత రెండక్షరాల మేర నున్నగా అరిగిపోయింది. చివర "మ్మ". దాని కింద చిన్నగా "37".

మా ఇంటిపేరు "బ"తో మొదలవుతుంది. నానమ్మ పేరులో "అ" లేదు. తాతయ్య మగవాడు.

ఫిబ్రవరి 3, సోమవారం

తమ్ముడితో గంటన్నర ఫోన్. వాడి వాదన కొట్టిపారేసేది కాదు. పాత్ర మీద పేరు ఉన్నంత మాత్రాన అది సొంతదారు పేరు కానక్కర్లేదు. పెళ్ళిళ్ళలో, బారసాలల్లో చదివించే పాత్రల మీద ఇచ్చినవాళ్ళ పేరే కొట్టిస్తారు. మన వంటింట్లోనే సగం గిన్నెల మీద ఎవరెవరి పేర్లో ఉంటాయి. "37 అంటే అత్త పుట్టిన ఏడు. బారసాలకి ఎవరో గొ. ఫలానా అమ్మ ఇచ్చింది. చెంబు మనదే."

అత్త పుట్టిన ఏడు 1937 అని ఎవరు చెప్పారు? ఆధార్ కార్డు. అందులో పుట్టిన తేదీ జనవరి 1. మా ఊళ్ళో ఆ వయసు వాళ్ళు సగంమంది జనవరి ఒకటినే పుట్టారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పొద్దున్నే బస్సులో సోంపేట. చెంబుని తువ్వాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకెళ్ళా. పెన్సిల్ కాగితం విడిగా.

అత్త చెంబుని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. నేను చేసిన గీత మీద వేలు పెట్టి "ఇదేటిది?" అంది. చెప్పా. "సరేలే" అంది. పేరులో మిగిలిన అక్షరాలు చదివి వినిపించా. అప్పుడు చెప్పింది. ఆ మాటలు వీలైనంత వరకు అలాగే రాస్తున్నా, రికార్డు చేయనివ్వలేదు.

"మీ తాత మాతో నడవలేదురా. రేవు పని ఒగ్గి ఎల్లనివ్వలేదు ఆల్ని. ఓడకి టిక్కెట్టు మాకెక్కడ దొరుకుద్ది. వీధిలో ఆడోలు, ముసిలోలు, పిల్లలు కలిసి బయలెల్లినాం. సంకురేత్రి దారిలోనే ఎల్లిపోయింది. మాయమ్మ నన్నెత్తుకోలేదు. సంకలో గుంటడున్నాడు అప్పటికి. ఆడు ఇంటికి రాలేదులే."

నాన్నకి ఇంకో అన్న కూడా ఉండేవాడని నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. నాన్నకి తెలుసో లేదో అడగడానికి ఆయనా లేడు.

"ఈ సెంబు ఆ గొ అన్నావే, ఆయమ్మది. మా పక్క వాటా. పెద్దావిడ. పిల్లల్లేరు. నా సెయ్యట్టుకుని నడిసింది ఆయమ్మే. కొండ దారిలో నీల్లు లేవు. వాగు కాడ తాగినోలకి వాంతులు. ఆయమ్మ ఒక కాడ కూకుంది. మరి లెగలేదు. మాయమ్మ సెంబు తీసుకుంది. ఏం సేస్తాది, నానున్నాను కదా."

మధ్యలో మనవరాలు టీ తెచ్చింది. అత్త టీ తాగి, టీవీలో సీరియల్ టైమైందని లేచింది. ఇంకేమీ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

తిరుగు బస్సులో, ఆ తరవాత వారం అంతా, ఆవిడ చెప్పినదాన్ని చరిత్రలో తెలిసిన వాటి పక్కన పెట్టి చూసుకున్నా. నమ్మక కాదు. ఆవిడకి అప్పుడు నాలుగో ఐదో ఏళ్ళు. పిల్లల జ్ఞాపకం ఎంతవరకు మోస్తుందో చూద్దామని.

1941 డిసెంబరు 23న పొద్దున రంగూన్ మీద జపాన్ విమానాలు మొదటిసారి బాంబులు వేశాయి. బాంబుదాడి ఎప్పుడూ చూడని జనం దాక్కోకుండా వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూశారు, అలా చూస్తూనే చాలామంది పోయారు. 25న మళ్ళీ. అప్పటికి ఆ నగరంలో సగంమందికి పైగా మనవాళ్ళే. 1931 లెక్కల్లో నాలుగు లక్షల జనాభాలో రెండు లక్షల పైచిలుకు భారతీయులు. రేవులో బియ్యం బస్తాలు మోసేది, ఓడల్లోకి ఎక్కించేది ఎక్కువగా తెలుగు కూలీలు. కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కొరంగీలు అనేవారు. ముద్దుగా పిలిచిన పేరు కాదది. 1930 మే నెలలో రేవు పని దగ్గర మొదలైన కొట్లాటలో ఆ కొరంగీలని వీధుల్లో వెంటాడి చంపారు. ఆ పదేళ్ళ భయం మీద పడ్డాయి బాంబులు.

కూలీలు పోతే రేవు ఆగిపోతుందని, వాళ్ళు ఊరు వదలకుండా ప్రభుత్వం అడ్డుపడింది. ఇది అత్త చెప్పినదానికి సరిపోయింది. ఓడ టిక్కెట్టు బీదవాళ్ళకి అందేది కాదు. ప్రోమ్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి అరకాన్ కొండల్లో తౌంగుప్ కనుమ దాటితే సముద్రపు ఒడ్డు, అక్కణ్ణుంచి పడవల మీద అక్యాబ్, చిట్టగాంగ్. కొండదారే నూరు మైళ్ళ పైన. ఆ దారిన లక్ష మందికి పైగా నడిచారు. నీళ్ళ ఎద్దడి, కలరా, రెండూ ఆ దారి గురించి రాసినవాళ్ళందరూ చెప్పినవే. సంక్రాంతి నాటికి దారిలో ఉండడమూ కాలానికి సరిపోతుంది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఆ తరవాత మిగిలినవాళ్ళు ఉత్తరానికి, మాండలే మీదుగా టాము, మణిపురం దారి పట్టారు. తాతయ్య వచ్చింది అటే. వానలు పడ్డాక, ఒంటి మీద పంచె తప్ప చేతిలో ఏమీ లేకుండా. ఇది కూడా అత్త మాటే, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే చెప్పింది.

మొత్తం మీద ఇండియా చేరినవాళ్ళు నాలుగైదు లక్షలంటారు. దారిలో పోయినవాళ్ళ లెక్క పది వేల దగ్గర మొదలై యాభై వేలు దాటుతుంది, ఎవరు రాశారన్నదాన్ని బట్టి.

"తాతయ్య తెచ్చిన చెంబు" అన్న మా ఒక్క వాక్యంలో తాతయ్య లేడు. చెంబు మాది అవునో కాదో. మిగిలింది "తెచ్చిన" ఒక్కటే.

మార్చి 1, శనివారం

మన విశాఖలోనే కురుపాం మార్కెట్ వైపు కళాయి పోసే పెద్దాయన ఒకాయన ఇంకా ఉన్నాడని తెలిసి తీసుకెళ్ళా. తిత్తి పోయి దాని స్థానంలో చిన్న బ్లోయరు వచ్చింది గాని మిగతా అంతా అదే. బొగ్గుల కుంపటి, తగరం కడ్డీ, నవాసారం పొడి, దూది.

చెంబు తీసుకుని వేలితో పొట్ట మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చుట్టూ తిప్పుతూ కొట్టాడు. ఒకచోట మోత మొద్దుబారింది. "ఇక్కడ అతుకు విడింది." రెండు డొప్పలుగా చేసి నడుం దగ్గర అతికిన చెంబట ఇది. వేలుపెట్టి చూపిస్తే తప్ప నాకు కనబడని గీత. దాని మీద రెండంగుళాల మేర తెల్లటి టంకం మరక. "ఈ టంకం చెంబుతో పుట్టింది కాదు. తరవాతెవరో పెట్టించారు. ముందు కారేది, పెట్టించారు, మళ్ళీ విడింది. టంకం ఎత్తి కొత్తది పెడతా, లోపల కళాయి పోస్తా, పైన పాలిష్. మూడు గంటల పని."

పాలిష్ వద్దన్నా. కళాయి వద్దన్నా. నవాసారం వేడికి అమ్మోనియా వదులుతుంది, విడిపోయిన అతుకు పక్కన అది నాకు ఇష్టం లేదు. ఆ మాట అంటే ఆయనకి కోపం వచ్చింది, న్యాయమే. యాభై ఏళ్ళుగా పోస్తున్నవాడికి నేను చెప్పడమేంటి. "మరెందుకు తెచ్చావు?" అన్నాడు. టంకం ఒక్కటే, అదీ ఆలోచించుకుని చెబుతానన్నా. డబ్బు తీసుకోలేదు. చెంబు తిరిగిస్తూ మాత్రం, మూత మర మీద వేలు తిప్పి, "ఎవరు తీశారో గాని బాగా తీశారు" అన్నాడు. ఆ ఒక్క మాటకి బస్సు ఛార్జీలు కిట్టాయి.

మార్చి 23, ఆదివారం

బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంకి వెళ్ళొచ్చా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి కదా, ఆ బాంబు తొడుగు ఒకటి అక్కడ ఉంది. శివరాత్రి నాటికి చిట్టగాంగ్‌లో రైలెక్కి, కలకత్తా మీదుగా వాల్తేరులో దిగి, మేనమామ ఇంట్లో ఇంకా కాళ్ళ పుళ్ళు మానకముందే అత్తవాళ్ళకి ఇది రెండోసారి. "బాంబులు మమ్మల్ని ఎతుక్కుంటా వచ్చినాయి" అంటుంది. ఊరు సగం ఖాళీ అయింది, వీళ్ళూ చెంబు పట్టుకుని పల్లెకి పరిగెత్తారు.

హిరోషిమా మ్యూజియంలో 8:15 దగ్గర ఆగిపోయిన గడియారాలు, అన్నం మాడి బొగ్గైన టిఫిన్ డబ్బా ఉంటాయి. ఫోటోలు చూసే ఉంటారు. అవి ఆ క్షణం దగ్గర ఆగిపోయిన వస్తువులు. ఈ చెంబు ఆగలేదు. పల్లెలో పొలానికి నీళ్ళు మోసింది, పలాస స్టేషన్లో నా చిన్నప్పుడు రైలెక్కింది, మా అన్న చింతగింజ మింగింది, నా పానా దెబ్బ తింది. నానమ్మ దీన్ని దేవుడి గూట్లో పెట్టి ఉంటే పేరు అరిగేది కాదు, ఆ పక్క వాటా పెద్దావిడ పేరు మొత్తం ఈ రోజు నాకు తెలిసేది. రోజూ తోమింది కాబట్టి అరిగింది. తోమిన చేతి మీద కోపం తెచ్చుకోవాలో లేదో ఆలోచిస్తూ ఆర్కే బీచ్‌లో ఒక మొక్కజొన్న పొత్తు తిన్నా.

తమ్ముడు మళ్ళీ ఫోన్. పలక మీద ఏం రాయించాలో తేల్చమంటున్నాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. వీధి పందిట్లో మైకు పొద్దున్నించీ ఆగలేదు. పానకం దీంట్లో కలుపుదామా అని మా ఆవిడ అడిగింది. కళాయి లేని ఇత్తడిలో బెల్లం, నిమ్మరసం పోయకూడదు. వట్టి నీళ్ళే.

నిన్న రాత్రి కారుడు పరీక్ష పెట్టా. కొలిచి నింపితే లీటరున్నర మీద వంద మిల్లీలీటర్లు పట్టింది. మూత బిగించి పాత పేపరు మీద నిలబెట్టా. మొదటి గంటలో ఏమీ లేదు. పొద్దున లేచి చూస్తే అతుకు కింద ఒక చుక్క వేలాడుతోంది, పేపరు మీద అరచేయంత తడి. గంట గంటకీ చూస్తే చుక్కకీ చుక్కకీ మధ్య నాలుగైదు నిమిషాలు. ఎత్తి నడుం మీద పెట్టుకుని ఊరికే హాల్లో నడిచి చూశా, కదిలితే ఇంకా త్వరగా వస్తోంది. చొక్కా తడిసింది.

టంకం పెట్టించేద్దామని నిర్ణయించుకుని, పండగ పలకరింపుకి అత్తకి ఫోన్ చేశా. ఆ మాటా ఈ మాటా అయ్యాక, చెంబు నడుం దగ్గర కారుతోంది, రేపు టంకం పెట్టిస్తున్నా అన్నా.

"అది ఎప్పుడూ కారీదేరా" అంది. "రంగంలోనే కారీది. మాయమ్మ ఇంటికొచ్చినాక ఏదో పెట్టించింది, అదీ ఆగలేదు."

నీకెలా గుర్తు, అంత చిన్నపిల్లవి కదా అన్నా.

"ఎనకాతల నడిసినాను కదరా. ఇరుకు దారి, సెయ్యట్టుకోడానికి కుదరని కాడ ఆయమ్మ కోక అట్టుకుని ఎనకాతల నడిసీదాన్ని. సెంబు ఎడంపక్క నడుం మీద. కోక మీద ఇంత మేర ఎప్పుడూ తడి. నా మొకానికి ఎదురుగా ఉండీది. దాహమేస్తే ఆ తడి సీకీదాన్ని."

తరవాత, మీ ఆవిడ పానకంలో మిరియాలేసిందా, వడపప్పు సేసిందా అని అడిగింది. చేసిందన్నా.

ఫోన్ పెట్టేసి కళాయి పెద్దాయనకి టంకం వద్దని కబురు చేశా. తమ్ముడికి ఇంకా చెప్పలేదు. అటక మీంచి చెంబుతోపాటు దిగిన చీరముక్క జనవరి నించీ కిటికీలోనే పడి ఉంది. నానమ్మ ఎప్పుడూ చెంబు కింద వేసేది అదే. కుంకుడు రసంలో నానబెట్టి, ఉతికి, ఆరాక మళ్ళీ నాలుగు మడతలు పెట్టా. తడిసిన పేపరు తీసేసి, అది వేసి, నీళ్ళతో ఉన్న చెంబుని దాని మీద పెట్టా.